అరవై మంది చూసిన శని

కౌతాళం మండలంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు నన్ను బదిలీ చేస్తూ ఉత్తర్వులు జూన్ ఆఖరి వారంలో వచ్చాయి. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. హోదా స్కూల్ అసిస్టెంటు, ఫిజికల్ సైన్స్. ఆ పేరు విని బయటివాళ్లు నేనెవరికో సహాయకురాలిని అనుకుంటారు. హైస్కూలు తరగతులకు ఒక సబ్జెక్టు మొత్తం చెప్పే టీచరును అలా అంటారు, అంతే. ఊరు తుంగభద్ర కాలువ దిగువన ఉంది. కాలువకు ఒక పక్క వరి, ఇంకో పక్క పత్తి. పిల్లల్లో సగం మందికి ఇంట్లో కన్నడం, బళ్లో తెలుగు. బడి వెనక వీధిలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. నేను పెళ్లి చేసుకోలేదు. కాబట్టి రెండో గదిలో పుస్తకాలు పెట్టుకున్నాను.

మాది ఎమ్మిగనూరు. మా నాన్న గుంటమగ్గం మీద నేసినవాడు. మా నాన్న వైపు, మా అమ్మ వైపు కలిపి డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. బీయస్సీ ఫస్ట్ క్లాసులో పాసయ్యానని ఆదోనిలో తెలిస్తే, బస్సు దిగి ఇంటిదాకా పరుగెత్తుకుంటూ పోయి చెప్పాను. నాన్న మగ్గం ఆపకుండా, "అంటే ఇంగ సదువు అయిపోయినట్టేనా?" అని అడిగాడు. ఆయన సంతోషించలేదని కాదు. ఆ రోజు సాయంత్రం వీధి చివరిదాకా పోయి మిఠాయి తెచ్చాడు. కానీ ఫస్ట్ క్లాసంటే ఏమిటో, ఆప్టిక్స్ పేపర్లో నాకెన్ని మార్కులొచ్చాయో వినేవాళ్లు ఇంట్లో లేరు. వార్త తెచ్చి చెప్పుకోవడానికి మనిషి దొరక్క నిలబడిపోవడం నాకు ఆ రోజు మొదలైంది. ఉద్యోగంలో ముప్పై ఏళ్లు గడిచినా అది తగ్గలేదు.

ఆ ఏడాది సైన్స్ క్లబ్బు కింద మా బడికి ఒక టెలిస్కోపు వచ్చింది. ఆరంగుళాల అద్దం, నా ఛాతీ దాకా వచ్చే గొట్టం, చెక్క పీట మీద చేత్తో తిప్పుకునే రకం. దాంతోపాటు వచ్చిన ఐపీసు మాత్రం ఒక్కటే. మనం కన్ను పెట్టి చూసే చోట బిగించే చిన్న కటకాల గొట్టాన్ని ఐపీసు అంటారు. టెలిస్కోపు నాభ్యంతరాన్ని ఐపీసు నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో తెలుస్తుంది. మాది పన్నెండు వందల మిల్లీమీటర్ల గొట్టం, వచ్చింది ఇరవై ఐదు ఐపీసు. అంటే నలభై ఎనిమిది రెట్లు. ఐపీసు నంబరు తగ్గేకొద్దీ వస్తువు పెద్దదవుతుంది. ఈ లెక్క పదో తరగతి పిల్లవాడు కూడా చేస్తాడు. నేను పొరపడింది లెక్కలో కాదు.

ఇంకో మూడు ఐపీసులు తెప్పించుకోవచ్చని హెడ్మాస్టరు గారు ఇండెంటు, అంటే కావాల్సిన వస్తువుల పట్టిక, రాసివ్వమన్నారు. ఆయన ఆదోని మనిషి, లెక్కల టీచరుగా మొదలై ఆ స్థాయికి వచ్చినవారు. "పెద్దగా చూపించేవే రాయండి మేడం. చిన్నగా చూసేదానికి మన కండ్లు ఉండనే ఉండాయి కదా" అన్నారు. బళ్లారిలోని ఒక సైన్సు పరికరాల దుకాణం వాళ్లు ఏడు ఐపీసుల పెట్టెను బస్సు పార్సిల్లో పంపారు. ముప్పై రెండు, ఇరవై, పదిహేను, పన్నెండు, తొమ్మిది, ఏడున్నర, ఆరు. పది రోజుల్లో మూడు ఉంచుకొని నాలుగు తిప్పి పంపాలి. ఉంచుకున్న వాటిని స్టాక్ రిజిస్టర్లో ఎక్కించాక మార్చుకోవడం కుదరదు. ఆ మూడింటితోనే ఆ బడి ఎన్నేళ్లయినా ఆకాశం చూడాలి.

నవంబరు నెల, వానలు వెనకబట్టి ఆకాశం కడిగినట్టుంది. సాయంత్రం ఏడింటికి బడి మిద్దె మీదికి గొట్టం ఎక్కించుకున్నాను. నైరుతి వైపు శని ఉన్నాడు. ఏడు ఐపీసులనూ ఒకటి తర్వాత ఒకటి బిగించి చూశాను. ఆరు నంబరు పెట్టేసరికి రెండు వందల రెట్లలో లేత గోధుమ రంగు ఉండ, దాని చుట్టూ వలయం, ఎవరో గాల్లో పెట్టి మరిచిపోయినట్టు నిలబడి ఉన్నాయి. ముప్పై ఏళ్లు బోర్డు మీద సుద్దతో గీసిన బొమ్మ అది. నిజంగా చూడటం అదే మొదటిసారి.

వెంటనే ఎమ్మిగనూరులో ఉన్న మా తమ్ముడు మల్లికి ఫోన్ చేశాను.

"ఒరే, శనిని చూసినాను. వలయంతో సహా."

 "అక్కా, శనికి దీపం పెట్టి దూరంగా ఉండమని పెద్దోళ్లు సెప్తే, నువ్వు గొట్టం పెట్టి దగ్గరికి తెచ్చుకుంటాండావా? ఏదన్నా మంచి గ్రహం లేదా ఆడ?" అన్నాడు వాడు.

నవ్వి పెట్టేశాను. మిద్దె మీద నేనొక్కదాన్నే. ఇప్పటికీ ఆ నిమిషం బాగా గుర్తుంది. నేను చూసింది ఇంకొక్క మనిషి చూడాలి, చూసి నాకు చెప్పాలి అనిపించింది. ఐపీసులు ఎంచే పని ప్రభుత్వం తరఫున చేస్తున్నా, అందులో నాకు కావాల్సింది అదొక్కటే.

ఐదు రోజుల పరీక్ష తర్వాత తొమ్మిది, ఏడున్నర, ఆరు పక్కన పెట్టాను. పన్నెండు నంబరును మొదటి రోజే తోసేశాను. అది లావుగా, బరువుగా ఉంది, పై అద్దం రూపాయి బిళ్లంత ఉంది. కన్ను ఆనిస్తే బొమ్మ సగం నల్లబడిపోతోంది. అందులో ఏదో లోపం ఉందనుకొని నోటు పుస్తకంలో కూడా అలాగే రాసుకున్నాను.

మిగతా వాటిని తిప్పి పంపేముందు ఊరివాళ్లకు శనిని చూపిద్దామని ఒక ప్రదర్శన పెట్టాం. పిల్లల తల్లిదండ్రులు, వీధివాళ్లు వచ్చారు. అన్నిటికన్నా పెద్దగా చూపేది కదా అని ఆరు నంబరే బిగించాను. ఒక్కొక్కరు వచ్చి వంగి చూసి, పక్కన బల్ల మీద పెట్టిన జాబితాలో సంతకమో వేలిముద్రో వేసి పోవాలి. వరుస మిద్దె మెట్ల మీదుగా కిందిదాకా ఉంది. నేను గొట్టం పక్కన నిలబడి అందరినీ ఒకటే అడిగాను.

"కనపడిందా?"

"కనపడిందమ్మా."

"బలే ఉంది టీచరమ్మా."

"కాణిస్తు, కాణిస్తు" అని సరిహద్దు పక్కనించి కూలికి వచ్చినవాళ్లు కన్నడంలో అన్నారు. ఐదారుగురికి ఒకసారి నేను కన్ను పెట్టి గొట్టం సరిచేశాను. అరవై మంది చూశారు, అరవై సంతకాలు. ఆ రాత్రే జిల్లా సైన్స్ అధికారికి పంపాల్సిన నివేదిక రాశాను. బీయస్సీ ఫలితాల రోజు మోసుకొచ్చిన వార్తను ముప్పై ఏళ్ల తర్వాత అరవై మంది విన్నట్టు అనిపించింది.

పొద్దున్నే హెడ్మాస్టరు గారు నివేదిక మీద సంతకం చేశారు. నాలుగు ఐపీసులు గుడ్డలో చుట్టి, మూట కట్టి, మధ్యాహ్నం బస్సుకు ఇవ్వడానికి స్టాఫ్ రూమ్ బీరువాలో పెట్టాను. ఇంటర్వెల్లో వంటపాక దగ్గరికి పోయాను. మధ్యాహ్న భోజనం వండే ఖాసింబీ నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నది. మందపాటి కళ్లజోడు. ముందు రోజు వరుసలో నాలుగో ఐదో మనిషిగా వచ్చి వేలిముద్ర వేసింది. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను పీట వేసుకొని కూర్చొని శని గురించి మళ్లీ మొదలుపెట్టాను. వలయం మంచు ముక్కలతో అయిందని, అక్కడికి బస్సులో పోతే ఎన్ని తరాలు పడుతుందో అని ఏవేవో చెప్పాను.

ఖాసింబీ చేట ఆపకుండా వింది. చివరికి, "టీచరమ్మా, ఒక మాట సెప్తే కోపం సేసుకోవు కదా?" అంది.

"సెప్పు."

"నాకేం కనపల్యా."

నేను పీట ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

"కండ్లద్దాలు పెట్టుకుంటే అద్దానికి అద్దం తగిలి టక్కుమనె. తీసేస్తే అంతా పొగ. నా రెప్ప ఎంటికలు మాత్రం సక్కగా కనపడె, ఈత మట్టలంత."

"మరి కనపడిందని ఎందుకు సెప్పినావు?"

"నువ్వు ఆ పక్క నిలబడి పెండ్లికూతురి తల్లి మాదిరి మొహం పెట్టుకొని అడిగితే, లేదని యా నోటితో సెప్పల్ల? టీచరమ్మ ఇంత కష్టపడి మిద్దెక్కించె, కనపల్యా అంటే చిన్నబోతాదని సెప్పినా."

"నీ ఒక్కదానికే కళ్లజోడు వల్ల..."

"యాడిదమ్మా ఒక్కదానికి. నా ఎనక వచ్చిన రాములమ్మకు ఉత్త నల్లగుండెనంట. ఆ నలుపే శని గామోలు అనుకొని దండం పెట్టుకునె. మన ఈరన్న తాతనైతే అడగనే వద్దు."

ఈరన్న తాత మా బడి రాత్రి కాపలాదారు. ఆయన అప్పుడే నీళ్ల బిందెతో పాకలోకి వచ్చాడు. అడిగితే దాచలేదు. "ఏలినాటి శని అయిపోయి మూడు నెల్లు కాలేదు తల్లీ. మళ్లీ పోయి ఎదురుగా నిలబడి చూడల్లనా? కండ్లు మూసుకొని వంగి, పది లెక్కపెట్టుకొని పైకి లేసినా. సంతకం మటుకు నిజంగానే పెట్టినా" అన్నాడు.

ఖాసింబీ చేట పక్కన పెట్టి పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. లేచి క్లాసుకు పోయాను. తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం చెప్పాను. ఏం చెప్పానో నాకు తెలియదు. అరవై మంది నా సంతోషాన్ని చూసి పోయారు, శనిని కాదు. మిద్దె మీద ఆ సాయంత్రం కూడా నేనొక్కదాన్నే ఉన్నాను. తేడా ఏమిటంటే, ఈసారి ఆ సంగతి నాకు తెలియలేదు.

కారణాలు వెతకడం కష్టం కాలేదు. రెండు వందల రెట్లలో భూమి తిరుగుడు కూడా రెండు వందల రెట్లు కనిపిస్తుంది. మధ్యలో పెట్టిన శని అర నిమిషంలో అంచు దాటి పోతాడు. ఐదారుగురికి ఒకసారి సరిచేశానంటే, వాళ్లలో నలుగురు ఖాళీ ఆకాశాన్నే చూశారు. రెండోది, ప్రతి ఐపీసుకూ పై అద్దం నుంచి కన్ను ఎంత దూరంలో ఉండాలో ఒక కొలత ఉంటుంది. దాన్ని కంటి ఎడం అనుకుందాం. ఆరు నంబరుకు అది నాలుగు మిల్లీమీటర్లే. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లకు అంతకంటే చాలా ఎక్కువ ఎడం కావాలి.

ఇది నాకు ముందే ఎందుకు తట్టలేదంటే, దానికి మూలం మా నాన్న మగ్గంలో ఉంది. నేతగాళ్ల ఇళ్లలో దారాలు లెక్కపెట్టే చిన్న మడత భూతద్దం ఒకటి ఉంటుంది. గుడ్డ మీద నిలబెట్టి, కనుబొమ్మ ఇత్తడికి ఆనేదాకా వంగి, అంగుళంలో ఎన్ని పోగులున్నాయో లెక్కపెడతారు. నాన్నకు చూపు తగ్గాక ఆ లెక్క నేను పెట్టేదాన్ని. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. అద్దం కనిపిస్తే కన్ను తీసుకుపోయి దానికి అంటించడం నాకు ఒళ్లు నేర్చుకున్న పని. అందుకే ఆరు నంబరు నాకు ఇబ్బంది పెట్టలేదు. అందుకే పన్నెండు నంబరు నల్లబడింది కూడా. దాని కంటి ఎడం ఇరవై మిల్లీమీటర్లు. కన్ను అంటిస్తే నల్లబడక ఏం చేస్తుంది. లోపం ఐపీసులో లేదు.

మధ్యాహ్నం బస్సు వచ్చి పోయింది. మూట ఇవ్వలేదు. గడువు ఇంకా మూడు రోజులుంది. సాయంత్రం బడి వదిలాక ఖాసింబీని ఆపి, మళ్లీ చూడమని అడిగాను. ఈసారి నిజం చెప్పమన్నాను.

"చూస్తా. కానీ నువ్వు అడిగేది మార్చల్ల" అంది. "మా మసీదులో రంజాను పండగ నెలవంక చూసినామని ఎవరన్నా వస్తే, పెద్దాయన కనపడిందా అని అడగడు. యాడ కనపడె, ఎంత ఎత్తుండె, కొమ్ములు యాపక్కకు తిరిగుండె అని అడుగుతాడు. చూడనోడు ఆడనే దొరికిపోతాడు. మా ఆయన ఒకసారి అట్ల దొరికినాడు, సేమ్యాల మీద ఆశతో."

ముప్పై ఏళ్లు పిల్లల్ని "అర్థమైందా" అని అడిగి, "అయింది టీచర్" అనిపించుకున్న నాకు ఈ మాట వంటపాకలో దొరికింది.

ఆ మూడు సాయంత్రాలూ ఏడింటికి ఖాసింబీ, ఈరన్న తాత, నేను మిద్దె ఎక్కాం. ప్రతి మనిషికీ ముందు నేను చూసి గొట్టం సరిచేయాలి, పక్కకు తప్పుకోవాలి, ఏ ఐపీసు పెట్టానో చెప్పకూడదు, ఏం కనిపిస్తుందో చెప్పకూడదు. ఇవి నేను పెట్టుకున్న నియమాలు. ఈరన్న తాత శని తప్ప ఏదైనా చూస్తానని ముందే ఒప్పందం చేసుకున్నాడు కాబట్టి ఆయన వంతుకు గొట్టాన్ని పక్కనే ఉన్న గురువు మీదికి తిప్పాను. ముప్పై రెండు నంబరులో ఆయన చాలాసేపు చూశాడు. "పెద్ద సుక్క పక్కన బుడ్డ సుక్కలు. ఒక గీత గీసి పెట్టినట్టుండాయి. ఎడమ పక్క మూడు, కుడి పక్క ఒగటి" అన్నాడు. నేను వంగి చూశాను. ఎడమ మూడు, కుడి ఒకటి. గురువు చందమామలు.

ఖాసింబీ కళ్లజోడుతోనే చూసింది. ఆరు నంబరు: "ఏం లేదు." ఏడున్నర: "ఏం లేదు." తొమ్మిది: "ఏదో తెల్లగా పోయె, సిక్కలేదు." మొదటి రెండు రోజులూ ఆమె నోట ఇవే మాటలు. నా ముఖం చూసి జాలిపడి మాట మార్చలేదు. అందుకు ఆమెకు నేను ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను. ఇరవై: "సుక్క. కొంచెం సాగింది, వడియం మాదిరి." మూడో రోజు, ఆఖరిగా, తోసేసిన పన్నెండు నంబరు బిగించాను. వంద రెట్లు. ఆమె వంగింది, కళ్లజోడు అద్దం ఐపీసు రబ్బరుకు ఆనింది.  నేను లోపల అంకెలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. ఇరవై దాటింది.

"టీచరమ్మా" అంది తల ఎత్తకుండా.

"ఏం కనపడుతుంది?"

"ఉండ ఉంది. సుట్టూ గాజు ఉంది. నువ్వు సెప్పిందే." తల ఇంకొంచెం వంచింది. "కానీ గాజు ఉండకు తగల్లేదు. నడాన సందుంది. ఆ సందులో నల్లగా ఉంది. తగలకుండా ఎట్ల నిలబడింది అది?"

వలయానికీ గ్రహానికీ మధ్య ఖాళీ ఉంటుందని నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. వంటపాకలో చెప్పిన అంత ఉపన్యాసంలోనూ ఆ సంగతి లేదు. నేను సమాధానం చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "ఉండమ్మా, పోతాంది, ఇంకా కొంచెం చూడనీ" అంది.

మర్నాడు హెడ్మాస్టరు గారి దగ్గరికి రెండు కాగితాలు తీసుకుపోయాను. ఒకటి మారిన ఇండెంటు: ముప్పై రెండు, పన్నెండు, తొమ్మిది. వెతకడానికి ముప్పై రెండు, అందరికీ చూపడానికి పన్నెండు, కళ్లజోడు లేని పిల్లలు ఓపికగా చూడటానికి తొమ్మిది. రెండోది నేను పంపకుండా ఆపిన నివేదిక. ఆయన సంతకం ఉన్న పాత కాగితంలో "అరవై మంది శనిగ్రహాన్ని చూశారు" అన్న చోట కొట్టేసి, "అరవై మంది హాజరయ్యారు, ఎందరు చూశారో నిర్ధారించలేదు. తర్వాతి పరీక్షలో చూసినట్టు నిర్ధారణ అయినవారు ఇద్దరు: శనిని ఒకరు, గురువును ఒకరు" అని రాశాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మేడం, అరవై నించి రెండుకు దింపితే పైవాళ్లు మనల్ని ఏమనుకుంటారు? ఎవరన్నా వచ్చి అడుగుతారా ఏంది?"

"అడగరు సార్. మీకు ఆ రోజు ఏం కనపడింది?"

హెడ్మాస్టరు గారు వరుసలో మొదట నిలబడిన మనిషి. ఆయన కిటికీలోంచి వంటపాక వైపు చూశారు. తర్వాత కొట్టివేత పక్కన తన పొడి అక్షరాలు వేసి, తేదీ వేశారు. రూలు ప్రకారం కొట్టివేత పక్కన అధికారి పొడి సంతకం లేకపోతే అది చెల్లదు. కాగితం తిప్పి ఇస్తూ, "ఈ పొద్దు సాయంత్రం నేనూ వస్తా. ఆ లావుది పెట్టండి" అన్నారు.

మూడేళ్ల తర్వాత రిటైరైన రోజు ల్యాబు చార్జి అప్పజెప్పాను. చార్జి అప్పజెప్పడమంటే మన పేరు మీద ఉన్న ప్రతి వస్తువునూ రిజిస్టరుతో సరిచూసి తర్వాతి టీచరు చేతిలో పెట్టి సంతకం తీసుకోవడం. ఐపీసులు మూడూ సరిపోయాయి. వాటి ఎదుట రిమార్కుల గడిలో ఇలా రాశాను: "చూసినవారిని కనపడిందా అని అడగరాదు. ఏం కనపడిందో అడగాలి. చూపేవారు తమకు నప్పిన ఐపీసును అందరికీ నప్పుతుందని అనుకోరాదు." ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నవాటిలో రిజిస్టరులో రాయదగినవి ఇవి రెండే.

ఇప్పుడు ఎమ్మిగనూరులో ఉంటున్నాను. పోయిన నెల సొంత టెలిస్కోపు కొనుక్కున్నాను. ఈ వార్త చెబుదామనే ఇదంతా మొదలుపెట్టాను. ఐపీసులు ఒక్కొక్కటిగా ఎంచుకుంటున్నాను. నాకు దూరం చూపుకు కళ్లజోడు అక్కర్లేదు. మిద్దె మీద ప్రస్తుతానికి ఒక్కదాన్నే. అయినా మొదట కొన్నది కళ్లజోడు తియ్యకుండా చూడగలిగిన పన్నెండు నంబరే.